చిల్లుల్లేని గుండీలు

"ఆ శాలువా కూడా ఇటు పడెయ్యి. అక్కడ చలెక్కువ," అంది ఆడపడుచు, హాలు మధ్యలో పెట్టె ముందు చతికిలబడి.

కోడలు శాలువా అందించింది. అందుకుంది గానీ ఆవిడ మొహమెత్తి చూడలేదు. నిన్న సాయంత్రం నుంచీ ఇదే వరస. చెప్పాల్సినవన్నీ పెట్టెకో, గోడకో, తమ్ముడికో చెబుతోంది. వినాల్సింది మాత్రం కోడలు.

"ఇవాళ మధ్యాహ్నం బస్సుకే ఎందుకక్కా? రెండ్రోజులాగి వెళ్ళచ్చుగా," అన్నాడు తమ్ముడు.

"ఆగితే ఏమవుతుంది? రెండో చెయ్యి కూడా నల్లబడుతుంది. అంతేగా?"

లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయి గోలపెట్టే జనానికి కబుర్లు చెప్పి నవ్వించి కిందికి దించగలడు. ఇంట్లో ఇద్దరాడవాళ్ళ మధ్య తనే ఇరుక్కుంటే మాత్రం తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలీదు పాపం.

ఆడపడుచు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. ఇంట్లో కూడా చాటుగా వార్డెన్ అనే అంటారు. ఆవిడకి ఆ సంగతి తెలుసు, తెలిసి కాస్త గర్వం కూడా. నిన్న మధ్యాహ్నం దిగింది. సాయంత్రం తల్లికి స్వెట్టర్ మారుస్తూ భుజం కింద మచ్చలు చూసింది. నాలుగు ఒక వరసలో, ఒకటి ఎదురుగా. ముదురు వంకాయ రంగు, అంచులు అప్పటికే పచ్చబడుతున్నాయి. ఎవరు చూసినా చెబుతారు, అవి అయిదు వేళ్ళు.

"ఎవరు పట్టుకున్నారమ్మా ఇంత గట్టిగా?"

తల్లిని కుట్టుపని తెలిసినవాళ్ళంతా మాస్టరమ్మ అంటారు. ఆవిడ చెయ్యి చాచి గుండుసూదుల దిండు అందుకుంది. నాలుగు సూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది. ఆవిడ నోట్లో సూదులుండగా ఎవరూ ఆవిణ్ణి మాట్లాడించరు. ఆ ఇంట్లో అది శాసనం.

"నేనే వదినా," అంది కోడలే. "మెట్ల మీద తూలిపోతుంటే పట్టుకున్నాను. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన ఆ మాత్రలు వేసుకుంటే కాస్త గట్టిగా తగిలినా కములుతుందని డాక్టరు ముందే చెప్పారు."

"అయితే మాత్రలకి వేళ్ళు కూడా ఉంటాయన్నమాట!"

అక్కడితో ఆగలేదు ఆవిడ. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల కోడలై పీటెక్కి కూర్చుందని, మెషీను అప్పగిస్తే మనిషినే అప్పగించినట్టు అనుకుందని, ఎన్నేళ్ళ నుంచో గొంతులో దాచుకున్నవన్నీ బయటపెట్టింది. మాస్టరమ్మ నోట్లో సూదులు అలాగే ఉన్నాయి. ఒక్కటైనా కదల్లేదు.

ఆ కదలకపోవడమే రాత్రంతా కోడలి కంట్లో నలుసులా గుచ్చుకుంది.

"వదినా, ఒక్క మాట," అందిప్పుడు, వీలైనంత మెత్తగా. "అత్తయ్యని మీరు తీసుకెళ్తే నాకు అభ్యంతరం లేదు. కానీ అంతసేపు బస్సులో కాళ్ళు వేలాడేసి కూర్చోకూడదన్నారు. కాల్లో రక్తం గడ్డ కట్టి ఎన్నో రోజులు కాలేదు. ఒకసారి ఆస్పత్రికి ఫోన్ చేసి అడిగి..."

"తమ్ముడూ," అంది వార్డెన్ పెట్టె మూత నొక్కుతూ, "హాస్టల్నిండా పరాయి పిల్లల్ని చూసుకుంటున్నాను. కన్నతల్లిని చూసుకోలేనని ఎవరికన్నా అనుమానంగా ఉందేమో కనుక్కో. బస్సు ఆగిన ప్రతిచోటా దించి నడిపిస్తాను. అక్కడ ఆవిణ్ణి ఎవరూ మెట్ల మీద పట్టుకోరు కూడా."

పెట్టె మూత పడలేదు. తమ్ముణ్ణి పిలిచి దాని మీద కూర్చోమంది. అతను కూర్చున్నాడు. భార్య వంక ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"మీరు కూడా అదే అనుకుంటున్నారా?" అనడిగింది ఆమె.

"అబ్బే! నేనలా అన్నానా?"

"అనలేదు. అనుకుంటున్నారా అని అడిగాను."

అతను పెట్టె తాళం చూసుకుంటూ, "నువ్వు కాస్త గట్టిగా పట్టుకున్నావేమో. కంగారులో ఎవరికైనా..." అన్నాడు.

కోడలు మరి వినలేదు. మెట్లు దిగి కిందికి వెళ్ళిపోయింది.

*

కిందంతా కుట్టుకొట్టు. గాజుతలుపు, పొడవాటి కత్తిరింపు బల్ల, రెండు మెషీన్లు, కొలతలిచ్చేవాళ్ళు బట్ట మార్చుకునేందుకు మూలన ఒక తెర. గోడ పొడుగునా కర్రకడ్డీకి తెల్లగౌన్లు వేలాడుతున్నాయి. అన్నీ ఒకే రకం, ఒకే పొడుగు. పాటల టీచరు తన బృందానికి కుట్టించుకుంటోంది. ఎల్లుండే వాళ్ళ కచేరీ. మెషీను కుట్లన్నీ కోడలివి. మెడ పట్టీలు, చేతి అంచులు మాత్రం మాస్టరమ్మ చేత్తో వేసే కుట్టు. రోజుకొకటి. అయిన గౌనుకి అయినట్టు వరసలో తగిలిస్తూ వచ్చింది.

ఆవిడ ఎత్తు కుర్చీలో కూర్చుని, వాచిన కాలు చెక్కపెట్టె మీదికి చాపుకుని, ఆఖరి గౌను ఒళ్ళో వేసుకుంది. కాలికి బిగుతు మేజోడు. పెదాల మధ్య సూదులు.

తెల్లారకుండానే కుట్టుకి కిందికి దిగిన మనిషి, పొద్దున కాఫీకి పైకి రాలేదు. "ఇక్కడికే పట్రా," అంది. కూతురి మీద అలక కాబోలు అనుకుంది కోడలు.

ఏదో ఒక పని చెయ్యకపోతే ఏడుపొచ్చేలా ఉంది. ఎవరిదో కోటుకి ఒక గుండీ ఊడింది, సాయంత్రం వచ్చి పట్టుకెళ్తామన్నారు. ఇటుక రంగు గుండీ. అరలో డబ్బాలన్నీ రంగుల వారీగా ఉంటాయి. ఆ సర్దుడు మాస్టరమ్మది. తెగిన దారప్పోగు కూడా పారేసే రకం కాదావిడ. రంగు చూసి ఏ డబ్బాలో వెయ్యాలో ఆ డబ్బాలో వేస్తుంది.

ఇటుక రంగు డబ్బాలోంచి ఒక గుండీ తీసి కోటు మీద పెట్టింది. సరిపోలేదు, చిన్నది. ఇంకోటి తీసింది. అదీ చిన్నదే. పోనీ ఉన్నదే కుడదామని సూది పొడిచింది. సూది దిగలేదు.

వేలు జరిపి మళ్ళీ పొడిచింది. గుండీలో చిల్లులే లేవు.

తిప్పి చూసింది. ఒక పక్క చిన్న అక్షరం అచ్చొత్తి ఉంది. ఆ అక్షరం ఆమెకి బాగా తెలుసు. రోజూ పొద్దున అత్తగారు తినడం అవగానే రేకులోంచి ఆ మాత్ర నొక్కి తీసి, ఆవిడ అరచేతిలో పెట్టేది తనే. ఆవిడ పిడికిలి నోటి దగ్గరికి తీసుకెళ్ళడం, నీళ్ళ గ్లాసు ఎత్తడం చూసి గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళేది తనే.

డబ్బా బల్ల మీద వంపింది. గుండీల మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి, మూలన రెండు. లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలంటే భయమేసింది. ఏరి గుప్పిట్లో పట్టుకుంది.

అప్పుడు తట్టింది ఇంకో సంగతి. మెట్ల మీద చెయ్యి పట్టుకున్నది ఈ గౌన్ల బట్ట రావడానికి ముందు రోజు. ఆ తరవాత అత్తగారి ఒంటి మీద కొత్త మచ్చ ఒక్కటీ రాలేదు. చిగుళ్ళలో రక్తం కూడా ఆగింది. మందు ఒంటికి అలవాటు పడిందని సంతోషించింది తను. భర్తకి చెప్పి సంబరపడింది కూడా!

"అత్తయ్యా."

మాస్టరమ్మ కళ్ళెత్తింది. కోడలు గుప్పిట విప్పింది. ఆవిడ ఒకసారి మాత్రలకేసి, ఒకసారి డబ్బాకేసి చూసి, మళ్ళీ కుట్టు మీదికి వంగింది. పెదాల మధ్య సూదులు చూపించింది వేలితో, మాట్లాడలేనన్నట్టు.

కోడలు రెండో చెయ్యి ఆవిడ గడ్డం కింద చాపింది. నోట్లో రాయి పెట్టుకున్న పసిపిల్ల ముందు చాపినట్టు.

ఆ కొట్లో మాస్టరమ్మ ముందు అలా చెయ్యి చాపినవాళ్ళు ఇంతవరకూ లేరు. చివరికి మాస్టరమ్మే ఒక్కొక్క సూదీ తీసి దిండుకి గుచ్చింది.

"తెల్లగుడ్డ ముట్టుకున్న రోజు వేసుకోవట్లేదు," అంది. "అంతే."

"అంతేనా?"

"రంగు గుడ్డ రోజున వేసుకుంటున్నాగా."

"ఈ గౌన్లు మొదలెట్టాక మీరు రంగు గుడ్డ ఎప్పుడు ముట్టుకున్నారు అత్తయ్యా?"

సూది పైకి వచ్చింది, కిందికి దిగింది.

"చెప్పండి."

"ఏం చెప్పను. నీకు తెలీదా." మాస్టరమ్మ ఎడమ చూపుడు వేలు చూపించింది. కొసనంతా సూది పోట్ల గరుకు. "సూది గుచ్చుకుంటుంది. గుచ్చుకోకుండా కుట్టేవాళ్ళు లేరు. చుక్క పడిందా... తెల్లదారం నమిలి, ఉమ్మితో అద్దుతాం. ఎవరి నెత్తురుకి వాళ్ళ ఉమ్మే మందు. నేనే నేర్పాను నీకు."

"నేర్పారు."

"చుక్కైతే పోతుంది. ఆ మాత్ర వేసుకున్నాక చుక్క కాదే పిల్లా, కొళాయి. కట్టు కట్టినా ఊరుతుంది. మొదటి గౌను పట్టీ మొత్తం పోయింది. నీకు తెలీకుండా విప్పి... వేరేది వేశాను. ఇన్నేళ్ళలో నా చేతి గుడ్డ మీద మరకన్న మాట ఎవరన్నా విన్నారా?"

"పట్టీ పోతే పోయింది! ఇంకో మూర గుడ్డ కొనేవాళ్ళం! నాతో అంటే ఆ అంచులు నేను కుట్టేదాన్ని కదా!"

"నువ్వా," అంది మాస్టరమ్మ. ఆ ఒక్క మాటలో ఎగతాళి లేదు, కోపం లేదు. ఏదో దిగులుంది. "నువ్వు కుట్టగలవు. అదే కదా."

కోడలు ఆగలేదు. "డాక్టరు ఎంత చెప్పారు! కాల్లో గడ్డ అక్కడున్నంత వరకూ కాలు నొప్పి. విరిగి పైకి పోయిందంటే ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది. అప్పుడు మన చేతిలో ఏమీ ఉండదని. మీరు వినలేదా?"

"వాపు తగ్గింది. నొప్పీ లేదు. కరిగిపోయుంటుంది."

"అది కరిగించే మాత్ర కాదత్తయ్యా! గడ్డ పెరక్కుండా, కొత్తది కట్టకుండా కాపలా కాసే మాత్ర. కరిగించుకోవాల్సింది ఒళ్ళే, నిదానంగా. కాపలావాణ్ణి పంపించేసి తలుపు బార్లా తీశారు మీరు."

"నా ఒళ్ళు నాకు తెలీదా."

"తెలిస్తే డబ్బాలో ఎందుకు దాచారు?"

మాస్టరమ్మ దారం తెంపింది. ఎప్పుడూ పళ్ళతో కొరికే మనిషి, ఇవాళ కత్తెర అందుకుంది.

కోడలు బల్ల అంచు పట్టుకుంది. అడగాల్సిన అసలు మాట అది కాదు. "నిన్న వదిన నన్ను అన్నన్ని మాటలంటుంటే మీరు సూదులు నోట్లో పెట్టుకున్నారు."

మాస్టరమ్మ సూదిలోకి కొత్త దారం ఎక్కించింది.

"మాత్ర వల్లే కమిలిందని ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటి. అనలేకపోయారా?"

"అంటే?" మాస్టరమ్మ ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "మాత్రల మాటెత్తితే అది మాత్రలు చూస్తానంటుంది. హాస్టల్ బుద్ధి. మింగిందాకా నోరు తెరిపించి చూస్తుంది. చూసిందంటే... ఇంక సూది ముట్టుకోనివ్వదు. మీరెవ్వరూ ముట్టుకోనివ్వరు."

"అందుకని నన్ను రాక్షసిని చేశారు."

"నిన్నంటే నువ్వు పడతావు. నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటావు. సూది లేకపోతే నేను పడలేను."

ఆ మాట అనేశాక ఆవిడకే అది రుచించినట్టు లేదు. ఒళ్ళో గౌను సరిచేసుకుంది, సరిచెయ్యాల్సిందేమీ లేకపోయినా.

కోడలికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అది వచ్చినంత వేగంగానూ దాని కిందనుంచి భయం పొంగుకొచ్చి దాన్ని మింగేసింది. పైన పెట్టె మెట్ల దగ్గరికి లాగుతున్న చప్పుడు. బస్సు. అంతసేపు ముడుచుకుని కూర్చోవడం. కాపలా లేని రక్తం.

"ఇలా ఇయ్యి," అంది మాస్టరమ్మ చెయ్యి చాపి. "అన్నీ ఇప్పుడే వేసేసుకుంటాను. సరిపోతుంది."

కోడలు గుప్పిట బిగించి వెనక్కి లాక్కుంది. "పస్తులున్న రోజుల తిండంతా ఒక్కపూట తింటే సరిపోతుందా? ఇది అసలే రక్తం మందు! ఒక్కసారి అన్నీ మింగితే ఇంకో గొడవ."

"మరేం చెయ్యమంటావు! వార్డెన్ని పిలిచి చెప్పెయ్యమంటావా?"

"నేను చెబితే ఆవిడ నమ్ముతుందా అత్తయ్యా? ఇప్పటిదాకా కొట్టిందన్నారు, ఇప్పుడు దొంగమాటలు కూడా చెబుతోందంటారు. మీరు చెప్పాలి."

"గౌన్లు ఇచ్చేశాక చెబుతాను."

"గౌన్లు ఎల్లుండి. బస్సు ఇవాళ."

"ఎక్కనులే బస్సు."

"ఎందుకెక్కనని అడుగుతుంది. ఏం చెబుతారు?"

మాస్టరమ్మ సూదుల దిండు దగ్గరికి లాక్కుంది. ఒకటి తీసింది, రెండోది తీసింది. పిల్లి కళ్ళు మూసుకున్నట్టు ఆవిడ వాటి మీద పెదాలు మూసుకుంది.

*

ఫోన్ బట్టలు మార్చుకునే తెర పక్కన ఉంది. కోడలు ఆస్పత్రి నంబరు నొక్కింది. ఇలాంటి మాత్రలు వాడేవాళ్ళ సంగతులు చూడ్డానికే ఆస్పత్రిలో ఒక నర్సు ఉంది. గొంతు వింటే కోపిష్టి అనిపిస్తుంది గానీ కాదు. తొందర మనిషి.

"మానేశారా? ఎన్నాళ్ళయింది?"

"సరిగ్గా తెలీదండీ. వారం దాటే ఉంటుంది."

"అయ్యో అయ్యో. మొదటి రోజులేనమ్మా అసలు గండం! ఒక పూట మరిచిపోతే ఆ రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోమన్నాం గానీ... ఇప్పుడు పాతవన్నీ కలిపి ఇవ్వలేదు కదా?"

"ఇవ్వలేదు. అడిగారు, లాక్కున్నాను."

"మంచి పని చేశావు. ఇంక నువ్వేమీ ఇవ్వకు. ఎలా మొదలెట్టాలో డాక్టరు చెప్పాలి. వెంటనే తీసుకురండి."

"ఊరికి తీసుకెళ్దామంటున్నారండీ, బస్సులో..."

"బస్సా? ఏ బస్సూ ఎక్కించొద్దు! అడుగుతున్నా, చెప్పు. ఆయాసం ఉందా? ఛాతీలో పొడుస్తోందా? దగ్గితే ఎరుపు కనపడిందా?"

కోడలు ఫోన్ చేత్తో మూసి, "ఆయాసం ఉందా అత్తయ్యా? ఛాతీలో నొప్పి?" అంది.

మాస్టరమ్మ అడ్డంగా తలూపింది.

"లేదంటున్నారండీ."

"నోటితో చెప్పిందా, తలూపిందా?"

"తలూపారు."

"లైన్లోనే ఉండు. డాక్టర్ని అడిగి వస్తాను."

ఫోన్లో నిశ్శబ్దం. కోడలు దాన్ని చెవికి ఆనించుకుని అత్తగారిని చూసింది. రోజూ చూసే మనిషే. కానీ చూడ్డం వేరు, కొలత తీసుకుంటున్నట్టు చూడ్డం వేరు. కొలత తీసేటప్పుడు మనిషి మొహం చూడకూడదని, భుజాలు చూడమని ఆవిడే నేర్పింది.

భుజాలు లేస్తున్నాయి. దిగుతున్నాయి. కూర్చున్న మనిషికి అంత లేవక్కర్లేదు.

పెదాల మధ్య రెండు సూదుల తలలు సన్నగా వణుకుతున్నాయి. ఊపిరితో పాటు.

పొద్దున కాఫీకి మెట్లెక్కలేదు. అలక కాదు. ఇప్పటిదాకా మాట్లాడిన మాటలన్నీ ముక్కలు ముక్కలు. కోపం కాదు. దారం పళ్ళతో కొరకలేదు. ఊపిరి బిగబట్టాలి దానికి. నిన్న వార్డెన్ అరుస్తుంటే కూడా...

"అత్తయ్యా, సూదులు తియ్యండి," అంది.

అప్పుడే మెట్ల మీద పెట్టె ధడేలు ధడేలుమంటూ దిగింది.

*

ముందు పెట్టె, దాని వెనక తమ్ముడు, అతని వెనక వార్డెన్. "టాక్సీ వీధి మలుపులో ఉందిట. అమ్మా, లే. ఆ గుడ్డ పక్కన పెట్టు. కోటు తొడుక్కో."

"వదినా, బస్సు వద్దు. ఆస్పత్రికి వెళ్ళాలి. నర్సు లైన్లో ఉంది."

"నువ్వు ఫోన్ చేశావని అర్థమవుతూనే ఉంది. ఆపడానికి..." వార్డెన్ మాట ఆగింది. మొదటిసారి కోడలి వంక సూటిగా చూసింది. మొహం వంక కాదు, గుప్పిట వంక. బిగించిన వేళ్ళ సందుల్లోంచి ఇటుక రంగు కనపడుతోంది. "ఏంటవి?"

కోడలు చెయ్యి విప్పింది. దాచి ఏం లాభం.

"ఇవి అమ్మ మాత్రలు," అంది వార్డెన్ నెమ్మదిగా. అరవలేదు. అరిచినా బాగుండేది. "అమ్మ మాత్రలు నీ చేతిలో ఎందుకున్నాయి? ఇన్నెందుకున్నాయి? ఇవ్వట్లేదా నువ్వు ఆవిడకి?"

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

"నువ్వాగు! మచ్చలు చూసి చేతి దురుసు అనుకున్నాను. ఇదా సంగతి? ఒరే, నీ పెళ్ళాం చేతిలో ఏముందో చూశావా? కళ్ళు తెరిచి చూడు!"

అతను చూశాడు. మాత్రల్ని చూశాడు, భార్యని చూశాడు. "ఏంటే ఇది?" అన్నాడు. ఆ గొంతులో నమ్మకం లేకపోవడం కాదు కోడల్ని కోసింది. నమ్మాలా వద్దా అని తూచుకోవడం.

ఒక్క మాట చాలు. 'దాచింది ఆవిడే' అంటే చాలు. కానీ ఆ మాట తన నోట వస్తే ఏమవుతుందో కోడలికి తెలుసు. వాళ్ళు వాదిస్తారు. నిలదీస్తారు. వెతుకుతారు. వాదనకి టైము లేదిప్పుడు.

"అత్తయ్య చెప్తారు," అంది. మాత్రలు బల్ల మీద పెట్టి, ఫోన్ చేత్తోనే ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడింది. భుజం మీద చెయ్యి వేసింది, ఈసారి మెత్తగా, పత్తి మీద వేసినట్టు.

బయట టాక్సీ హారన్ కొట్టింది ఒకసారి.

మాస్టరమ్మ పెదాల దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళింది. ఒక సూది తీసింది. దిండుకి గుచ్చబోతే గురి తప్పి గౌను మీద పడింది. రెండోది తీసింది.

"దాన్ని... ఏమీ... అనకే," అంది కూతురితో.

"నువ్వు వెనకేసుకు రాకమ్మా! నువ్వింత మెత్తగా ఉండబట్టే..."

"ఆ మచ్చలు... అది... పట్టుకోకపోతే... నేను మెట్లమీంచి..." ఆవిడ ఆగింది. నోరు తెరుచుకునే ఉంది. మాట కోసం కాదు. "మాత్రలు... నేనే..."

ఆ తరవాత మాట రాలేదు. చెయ్యి బల్ల అంచు కోసం తడుముకుంది. పెదాలు కుట్టుపనికి గీతలు గీసే సుద్దముక్కలా పాలిపోయాయి, నీలం కలిసిన తెలుపు.

"అమ్మా! అమ్మా, ఏమైంది?" వార్డెన్ కోటు వదిలేసి మోకాళ్ళ మీద కూలబడింది. హాస్టల్ గొంతు ఎక్కడికి పోయిందో, చిన్నపిల్ల గొంతొకటి వచ్చింది. "ఏమైందిరా అమ్మకి?"

తమ్ముడు పెట్టె తోసేసి తల్లి వీపుకి తన ఛాతీ ఆనించి నిటారుగా కూర్చోబెట్టాడు. అతని చేతులకి ఆ పని తెలుసు.

"అమ్మా, ఉన్నావా?" ఫోన్లో నర్సు. "డాక్టరు దగ్గరే ఉన్నారు. ఆయాసం లేదన్నావు కదూ?"

"ఉంది," అంది కోడలు. "చాలా ఉంది. మాట రావట్లేదు."

"పడుకోబెట్టకండి. కూర్చోబెట్టే ఉంచండి, నడిపించకండి. అంబులెన్స్ పంపిస్తున్నాం. ఆయాసం ఎప్పట్నుంచి? మాత్రలు ఏ రోజు నుంచి మానేసింది? కచ్చితంగా చెప్పాలి. దాన్ని బట్టే వైద్యం. కనుక్కో!"

"అత్తయ్యా," కోడలు వంగి ఆవిడ కళ్ళలోకి చూసింది. "ఏ రోజు నుంచి? మాత్ర ఏ రోజు నుంచి వేసుకోలేదు?"

వార్డెన్ తలెత్తింది. "వేసుకోలేదా? అమ్మ వేసుకోలేదా?" అంది. తమ్ముడు భార్య వంకే చూస్తున్నాడు. ఆమెకి అతన్ని చూసే తీరిక లేదు.

మాస్టరమ్మ మాట్లాడటానికి ప్రయత్నించి మానేసింది. కుడిచెయ్యి మెల్లగా పైకి లేపింది. గోడవైపు, కర్రకడ్డీకి వరసగా వేలాడుతున్న తెల్లగౌన్ల వైపు. రోజుకొకటి. అయినదానికి అయినట్టు. ఒక్క మరకైనా లేదు దేనిమీదా.

వేలు నిన్నటి గౌను మీద ఆగలేదు. మొన్నటిదాన్ని దాటింది. అవతలిదాన్నీ దాటింది.

"చెప్పమ్మా, త్వరగా!" అంటోంది నర్సు.

వేలింకా వెనక్కే పోతోంది. అది ఎక్కడాగుతుందో చూస్తూ, కోడలు ఫోన్ పట్టుకుని నిలబడింది.